గట్టు మీద లేని కుప్ప

ఎనిమిదేళ్ల కిందట, మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో, నన్ను నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు ఏరియా ప్రొడక్షన్ ఆఫీసరుగా బదిలీ చేశారు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక విత్తన కంపెనీలో నా ఉద్యోగం. నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు ఉన్నంతకాలం నాది మొక్కజొన్న విత్తనం పని. గద్వాలలో పత్తి విత్తనం. మా హోదాల వరస ఇలా ఉండేది: అడుగున ఫీల్డ్ అసిస్టెంట్లు, వాళ్ల మీద నాలాంటి ఏరియా ఆఫీసరు, మా మీద మహబూబ్‌నగర్‌లో కూర్చునే రీజనల్ మేనేజరు, ఆయన మీద హైదరాబాదు. హైదరాబాదు మీద ఎవరున్నారో ఆ ఏడాది దాకా నేను ఆలోచించలేదు. ఇప్పుడు చెప్పబోయేది వాళ్ల గురించే.

నా చదువు వ్యవసాయ డిప్లొమాతో ఆగిపోయింది. మిగతాదంతా గ్రంథాలయాల్లో నాకు నేను చదువుకున్నదే. మాది గోపాల్‌పేట. కుర్రతనంలో ఆదివారాలు బస్సెక్కి వనపర్తి గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ నేను తెరవని బీరువా లేదని చెబితే గొప్పలు పోతున్నానని ఎవరూ అనుకోరని నమ్ముతాను. ఏ ఊరికి బదిలీ అయినా మొదట ఇల్లు, ఆ వెంటనే గ్రంథాలయం వెతుక్కునేవాణ్ణి. గద్వాలలో ఆ అలవాటే నాకు పనికొచ్చింది.

పత్తి విత్తనం ఎలా తయారవుతుందో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. పొలంలో కొన్ని సాళ్లు ఆడ మొక్కలు, కొన్ని మగ మొక్కలు వేస్తారు. రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గను ఈ మధ్యాహ్నమే గుర్తించి, రేకులు గిల్లి, లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, ఎర్ర కాగితం తొడిగి వదిలేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఆడ పువ్వుకు అద్దుతారు. దీన్నే అక్కడ అందరూ క్రాసింగ్ అంటారు. ప్రతి పువ్వుకూ రెండు పూటల చేతిపని. పూత ఉన్నన్నాళ్లూ ఈ పని ఒక్క పూట ఆగడానికి వీల్లేదు. ఇంటి మనుషులు చాలక కూలీలను ముందే మాట్లాడుకుని, బయానా ఇచ్చి కట్టేసుకుంటారు రైతులు.

ఇందులో అందరూ భయపడేది కల్తీకి. విత్తనంలో వేరే రకం గింజ కలిసి ఉంటే ఆ మొక్క ఆకు తీరులోనో, కాండం రంగులోనో తేడాగా కనబడుతుంది. దాన్ని వేరుతో పీకేయాలి. గద్వాల చుట్టుపక్కల ఒక కట్టుబాటు ఉంది. పీకిన కల్తీ మొక్కలను దూరంగా పారేయరు. వేళ్లు పైకి ఉండేలా పొలం గట్టు మీదనే కుప్ప వేస్తారు. ఆఫీసరు వచ్చి ఆ కుప్ప చూడాలి. చూశాకే తీస్తారు. కుప్ప పెద్దదైతే విత్తనంలోనే లోపం ఉన్నట్టు, చిన్నదైతే మామూలు, అసలు లేకపోతే రైతు ఏరలేదన్నట్టో, ఏరడానికి ఏమీ దొరకలేదన్నట్టో. ఆ రెండింట్లో ఏదో సాళ్లలో ఒకసారి నడిస్తే తెలిసిపోతుంది. కాగితం మీద ఎవరేం రాసినా గట్టు మీది కుప్ప ఊరందరికీ కనబడుతుంది. నేను చూసిన తనిఖీ పద్ధతులన్నింటిలో ఇది చవకైనది, నమ్మదగినది.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. రైతుతో కంపెనీ రాసుకునే ఒప్పందంలో, క్రాసింగ్‌ను మధ్యలో ఆపించే హక్కు కంపెనీకి ఉంటుంది. కంపెనీ తన అవసరం కోసం ఆపిస్తే మిగిలిన రోజుల కూలీల ఖర్చు కంపెనీది. పొలంలో కల్తీ వల్ల ఆపిస్తే ఖర్చు రైతుదే. అంతేకాదు, కల్తీ పడిన రైతు పేరు ఆర్గనైజర్లకు, అంటే కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే దళారులకు, పోతుంది. ఆ పేరు ఒకసారి పోయిందంటే మరుసటి ఏడు ఏ కంపెనీ ఆర్గనైజరూ అతనికి మూల విత్తనం, అంటే ఆడ, మగ సాళ్లు వేసుకునే గింజ, ఇవ్వడు. కౌలుకు చేసేవాడికి ఆ దెబ్బ మరీ పెద్దది. విత్తన పత్తి వేస్తాడనే నమ్మకంతోనే పొలం ఆసామి అతనికి భూమి ఇస్తాడు.

మఖ కార్తెలో, క్రాసింగ్ సగానికి వచ్చినప్పుడు, రీజనల్ మేనేజరు రాజశేఖర్ గారి నుంచి ఫోను వచ్చింది. నా కింద ఉన్న పొలాల్లో మూడో వంతు పొలాలకు వారంలోగా క్రాసింగ్ ఆపించాలి, కారణం కల్తీ అని నివేదిక రాయాలి, ఏ పొలాలో తాను చెబుతాడు. కల్తీ ఉంటే దాన్ని మొదట చూడాల్సింది నేను. నా నివేదిక మహబూబ్‌నగర్ పోవాలి, అక్కడి నుంచి ఉత్తర్వు రావాలి. ఇక్కడ ఉత్తర్వు ముందు వచ్చింది, నివేదిక తరువాత రాయమంటున్నారు. పైగా ఆయన చదివిన పేర్లలో ఒక పద్ధతి కనబడింది. అన్నీ రోడ్డుకు దూరంగా ఉన్న పొలాలు, చాలావరకు కౌలు రైతులవి. కల్తీ మొక్క రోడ్డు చూసుకుని మొలవదు కదా. ఎవరు చూసి నిర్ణయించారని అడిగాను. పైనుంచి వచ్చిన మాటకు కిందివాళ్లు కారణం వెతకనక్కర్లేదని, నా ప్రమోషను ఫైలు ఇంకా తన బల్ల మీదే ఉందని రాజశేఖర్ గారు గుర్తుచేశాడు. ఆ రెండు మాటలు ఒకే ఊపిరిలో వచ్చాయి.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయాను. అక్కడ నాకు దొరికిన స్నేహితుడు విఠల్ సారు. రిటైరైన లెక్కల టీచరు. వ్యాపార పత్రిక మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా చదివేవాడు. నెలనెలా పింఛనులో కొంత తీసి ఒక మ్యూచువల్ ఫండులో వేసేవాడు. ఆ ఫండు దగ్గర మా కంపెనీ షేర్లు పెద్ద మొత్తంలో ఉన్నాయని ఆయనే అంతకుముందు ఒకసారి గర్వంగా చెప్పాడు. ఏం స్వామీ, నువ్వు నాకు నౌకరువి తెలుసా అని నన్ను ఆటపట్టించేవాడు కూడా. నా పేరు వెంకటస్వామి.

నాకు వచ్చిన ఉత్తర్వు సంగతి చెప్పాను. విఠల్ సారు పత్రిక మడిచి, మీ ఎండీకి జీతం ఎట్లిస్తరో ఎప్పుడన్నా చూసినవా అని అడిగాడు. చూడలేదన్నాను. అదేమన్నా రహస్యమా, షేరు మార్కెట్లో ఉన్న ప్రతి కంపెనీ ఏటా అచ్చువేసి అందరి ముందూ పెడతదన్నాడు. అది నిజం. నేను వేల పేజీలు చదివినవాణ్ణి, నాకు జీతమిచ్చే కంపెనీ వార్షిక నివేదిక మాత్రం ఎన్నడూ తెరవలేదు. ఆ రాత్రీ, మర్నాడూ కూర్చుని చదివాను.

నాకు అర్థమైనంత చెబుతాను. కంపెనీ షేరు మార్కెట్లోకి వచ్చాక దాని వాటాలను పెద్దపెద్ద ఫండ్లు, బీమా సంస్థలు, పింఛను నిధులు కొన్నాయి. వీళ్లనే సంస్థాగత మదుపర్లు అంటారు. లక్షలమంది చిన్నవాళ్ల సొమ్ము ఒకచోట పోగేసి వాటాలు కొంటారు. వాళ్ల ఓటు బలమైనది. వాళ్లకు రాబడి కావాలి, ఎందుకంటే వాళ్లకు డబ్బిచ్చిన విఠల్ సారు లాంటివాళ్లకు రాబడి కావాలి. కంపెనీని నడిపేవాడు ఆ రాబడి మీదే మనసు పెట్టేలా చేయడానికి అతని జీతాన్ని మూడు ముక్కలు చేస్తారు. ఒకటి నెల జీతం. రెండోది ఏడాది చివర ఇచ్చే బోనసు. మూడోది ముందే అనుకున్న ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు. షేరు ధర పెరిగితే ఆ హక్కు విలువ పెరుగుతుంది. అప్పటి మా ఎండీకి మొదటి ముక్క చిన్నది, మిగతా రెండూ పెద్దవి. బోనసుకు పెట్టిన ముఖ్యమైన షరతు, పెట్టిన పెట్టుబడి మీద ఎంత రాబడి వచ్చిందన్నది.

ఆ షరతు చదివాక మా గోదాములు గుర్తుకొచ్చాయి. అంతకుముందు ఏడాది అమ్ముడుపోని విత్తనం శీతల గిడ్డంగుల్లో పేరుకుపోయింది. అమ్ముడుపోని సరుకంటే ఇరుక్కుపోయిన పెట్టుబడి. లాభం పెంచడం కష్టం. పెట్టుబడి తగ్గిస్తే అదే లాభం పెద్ద రాబడిగా కనబడుతుంది. పెట్టుబడి తగ్గించడానికి దగ్గరి దారి, కొత్త విత్తనం తక్కువగా రానీయడం. ఆ మాట నేరుగా చెబితే కూలీల ఖర్చు కంపెనీ నెత్తిన పడుతుంది. కల్తీ అని చెబితే పడదు. ఇది నా అనుమానం. దీనికి రుజువు ఆనాడు నా దగ్గర లేదు, ఈనాడూ లేదు. కానీ బోనసు షరతుల్లో విత్తనం స్వచ్ఛత అనే మాట ఎక్కడా లేదన్నది మాత్రం నా కళ్లతో చదివాను. రైతు అనే మాట ఉన్నది ముందుమాటలో, కృతజ్ఞతల దగ్గర.

రాజశేఖర్ గారు చెప్పిన పొలాల్లో మొదటిది మల్దకల్ దాటాక ఉన్న ఒక ఊళ్లోది. మద్దిలేటి, సుంకులమ్మ అనే దంపతులు రెండెకరాలు కౌలుకు తీసుకుని చేస్తున్నారు. నేను పోయేసరికి సుంకులమ్మ కూలీలతో కలిసి మొగ్గలు గిల్లుతోంది. బొటనవేలి గోరు పువ్వు పసరుకు నల్లబడి ఉంది. మద్దిలేటి గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఫీల్డ్ అసిస్టెంటు ముందురోజే సంగతి చెవిన వేసినట్టున్నాడు, నన్ను చూడగానే అతని మొహం మారిపోయింది.

నేను సాళ్లన్నీ నడిచాను. పొలం చుట్టూ గట్లు నడిచాను. ఒక మూల పిడికెడు ఎండిన మొక్కలు తప్ప కుప్ప లేదు. సాళ్లలోనూ తేడా మొక్క కనబడలేదు. మూల విత్తనం మంచిది, ఏరివేత జాగ్రత్తగా జరిగింది. సుంకులమ్మ పని ఆపకుండానే మాట్లాడింది.

“చూసినవ్ గద సారు. యాడుంది కల్తీ? ఉంటే నాకు జూపియ్యి, నేనే పీకి నీ బండ్లెక్కిస్త.”

మద్దిలేటి గొంతు తగ్గించి అన్నాడు.

“ఆపమంటే ఆపుతం సారు. కంపెనీ మీది, గింజ మీది. గని కల్తీ అని రాయకు. గా పేరు పడ్డదంటే మల్ల ఎవ్వడూ మాకు గింజ ఇయ్యడు, గీ పటేలు భూమి ఇయ్యడు. మల్ల బొంబాయి బస్సెక్కుడే.”

“నేనెక్క,” అంది సుంకులమ్మ, తలెత్తకుండా. “నువ్వు పో. ఇటుకలు మోసి మోసి నా నెత్తి సగం అరిగింది.”

కూలీలు నవ్వారు. మద్దిలేటి నవ్వలేదు. నివేదిక మీద సంతకం పెట్టకుండా వచ్చేశాను. రాజశేఖర్ గారికి ఫోను చేసి, చూసిన పొలంలో కల్తీ లేదని, లేనిదాన్ని ఉందని నేను రాయలేనని, క్రాసింగ్ కంపెనీ అవసరం కోసం ఆపుతున్నామంటే ఆ పూటే రాసిస్తానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆయన కోప్పడకపోవడం నాకు ఇంకా అనుమానంగా తోచింది. నాలుగు రోజులు ఆగమన్నాడు. బొంబాయి నుంచి, మా కంపెనీ షేర్లున్న ఫండువాళ్లు పొలాలు చూడటానికి వస్తున్నారట. వాళ్లు పోయాక నివేదికల సంగతి చూద్దామన్నాడు. ఈలోగా ఆ పొలాల్లో క్రాసింగ్ మాత్రం ఆగాలన్నాడు. ఆగింది. విచ్చుకున్న పూలు అద్దేవాళ్లు లేక వాడిపోయాయి. కూలీలు బయానా డబ్బు తిరిగివ్వరు, వేరే పొలానికి పోయారు. ఆ నాలుగు రోజులు మద్దిలేటి నాకు ఫోను చేయలేదు. చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పుబ్బ కార్తె మొదట్లో ఫండు తరఫున ఒక మేడం వచ్చింది. వయసు నలభైకి అటూ ఇటూ. ఏ పెద్ద మదుపరికైనా ఇలాంటి పర్యటనలు మామూలేనట. డబ్బు పెట్టిన చోటు కళ్లతో చూసి పోతారు. రాజశేఖర్ గారు రోడ్డు పక్కన ఒక పొలం తయారుచేయించాడు. గట్లు చెక్కించి, కూలీలకు కొత్త టోపీలు ఇప్పించి, కంపెనీ బోర్డు పాతించాడు. మేడం అన్నీ ఓపికగా చూసింది. తిరిగి కారెక్కేటప్పుడు, ఈ ఏడాది కొన్నిచోట్ల క్రాసింగ్ ఆపారని హైదరాబాదులో చెప్పారు, అందులో ఒక పొలం చూడాలి అని అడిగింది. హిందీలో అడిగింది.

నేను ఆమె మొహం చూశాను. అది జాలి కాదు, అనుమానం. తరువాత ఆలోచిస్తే అర్థమైంది. మూడో వంతు పొలాల్లో కల్తీ ఉందంటే మిగిలిన విత్తనం ఎలా అమ్ముడుపోతుంది? తమ సొమ్ముకు ఏమవుతుంది? ఆమె వచ్చిందే ఆ ప్రశ్న కోసం అయి ఉండాలి. కాదంటే అనుమానం పెరుగుతుందని రాజశేఖర్ గారికీ తెలుసు. దగ్గరలో ఉన్నది మద్దిలేటి పొలం. అక్కడికే తీసుకుపోయాడు. నన్ను కొంచెం వెనక ఉండమన్నాడు.

మేడం పొలంలో కలుపు తీస్తున్న సుంకులమ్మను చూసి, మీ పని ఎందుకు ఆపారని హిందీలో అడిగింది. రాజశేఖర్ గారు నడుమ నిలబడి తెలుగులోకి మార్చాడు. పంట ఎట్లుందని మేడం అడుగుతున్నదన్నాడు. పంటకేమైంది సారు, మంచిగనే ఉంది, ఎందుకాపిన్రో తెల్వకనే పరేషానైతున్నమని సుంకులమ్మ తెలుగులో చెప్పింది. ఆయన దాన్ని హిందీలోకి మార్చాడు. మా పొలంలో కల్తీ మొక్కలు వచ్చినయి, కంపెనీ చేసింది మంచిదే, మాకు ఇబ్బంది లేదు అని చెబుతున్నదన్నాడు.

పాలమూరు మనిషి ఎవరూ చేయని తప్పు ఆయన చేశాడు. ఆయనది కోస్తా వైపు. మా దగ్గర కరువు ఏళ్లలో ఊళ్లకు ఊళ్లు బొంబాయి, పుణె పోయి భవనాల పనిలో బతికిన సంగతి ఆయన విని ఉండవచ్చు, గుర్తుపెట్టుకోలేదు. చీర కొంగు నడుముకు చుట్టుకున్న ప్రతి మనిషికీ తెలుగు తప్ప రాదనుకున్నాడు. సుంకులమ్మ చేతులు దులుపుకుంది. ముందు ఆయనతో తెలుగులో అంది.

“నేనట్లన్లేదు గద సారు. పెండ్లైన కొత్తల్నే బొంబాయి పోతిమి. మా పెద్దోడు ఆడ్నే పుట్టిండు.”

ఆ తరువాత మేడంతో హిందీలో మాట్లాడింది. గద్వాల సంతలో వినబడే ఉర్దూ కాదది, బొంబాయి హిందీయే. మేస్త్రీల మీద, కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద వాడి వాడి పదునెక్కినది. మేడం ముఖంలో మొదటిసారి నవ్వు కనబడింది. మీరు ఎక్కడ పనిచేశారని అడిగింది. సుంకులమ్మ ఒక పేట పేరు చెప్పి, అక్కడి ఎత్తైన భవనాల్లో సగం మేమే మోసినం, నువ్వు గూసునే ఆఫీసు గూడ మేం గట్టిందేనేమో అంది. ఆపైన అసలు సంగతి చెప్పింది. పొలంలో కల్తీ లేదు. ఆపమన్నారు, ఆపినం. కల్తీ అని రాస్తే మాత్రం మా బతుకు పోతుంది.

మేడం నా వైపు తిరిగింది. మీరే కదా తనిఖీ అధికారి, ఈ పొలంలో కల్తీ ఉందా అని అడిగింది. రాజశేఖర్ గారు నన్నే చూస్తున్నాడు. నేను ఇంకా నివేదిక మీద సంతకం చేయలేదని చెప్పాను. ఎందుకని అడిగింది. గట్టు మీద కుప్ప లేదన్నాను. ఏ కుప్ప అంటే కట్టుబాటు వివరించాను. ఆమె నాలుగు గట్లూ నడిచింది. మూల ఉన్న ఎండు మొక్కలను ఫోటో తీసుకుంది. వెనక్కి వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆపిన పొలాలన్నీ ఇలాగే ఉన్నాయా? నేను చూసినవన్నీ ఇంతేనని చెప్పాను. ఆ నాలుగు రోజుల్లో నేను ఖాళీగా కూర్చోలేదు, రాజశేఖర్ గారు చెప్పిన ప్రతి పొలం గట్టూ తిరిగి వచ్చాను.

మేడం తిరిగి పోయిన పది రోజుల్లో హైదరాబాదు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. క్రాసింగ్ ఆపింది కంపెనీ అవసరం కోసమేనని అందులో ఉంది. కూలీల ఖర్చు కంపెనీ ఇస్తుంది, అప్పటికి కట్టిన కాయలను తీసుకుంటుంది, రైతుల పేర్లు ఎక్కడికీ పోవు. మద్దిలేటి ఫోను చేసి, ఇదంతా ఎట్లయింది సారు అని అడిగాడు. బోనసు లెక్కలు, ఫండ్లు, షేర్లు, నాకు తెలిసినంత చెప్పాను. అంతా విని, “గంత జీతం తీస్కునేటోనికి మల్ల బోనసెందుకు సారు, మొదటి జీతానికి పన్జెయ్యడా?” అన్నాడు.

క్రాసింగ్ మాత్రం తిరిగి మొదలు కాలేదు. పెట్టుబడి తగ్గాలన్న కోరిక ఎక్కడికీ పోలేదు. అది ఫండుదీ, ఎండీదీ, ఇద్దరిదీ. నేను మొదట సంతోషించి, ఆ మేడం న్యాయం చేసిందని విఠల్ సారుతో అన్నాను. ఆయన లెక్కల మాస్టారు కదా, ఒప్పుకోలేదు. కల్తీ అనే మాట బయటికి పోతే షేరు పడిపోతుంది, లేని కల్తీ రాశారని తెలిస్తే ఇంకా పడిపోతుంది, ఆమె కాపాడింది షేరును, రైతు దాని నీడలో నిలబడ్డాడు, అంతే అన్నాడు. ఆయన మాట నాకు నచ్చలేదు, లెక్క మాత్రం సరిగానే ఉంది.

మరుసటి ఏడాది సర్వసభ్య సమావేశానికి ముందు ఫండ్లు పట్టుబట్టి ఎండీ బోనసు షరతుల్లో కొత్తది చేర్పించాయి: విత్తన స్వచ్ఛత. కల్తీ ఎంత తక్కువగా నమోదైతే అంత బోనసు. విఠల్ సారు ఆ వార్త కత్తిరించి నా చేతికిచ్చాడు. “చూసినవా స్వామీ, మా ఫండు తాకత్? నీ కుప్ప బొంబాయి దాంక పోయింది,” అన్నాడు. నాకూ ఛాతీ కొంచెం ఉబ్బిందని ఒప్పుకుంటాను. ఒక డిప్లొమావాడు గట్టు మీద చెప్పిన మాట పై గదుల్లో షరతుగా మారడం చిన్న విషయం కాదనుకున్నాను.

ఆ వానాకాలం, క్రాసింగ్ మొదలయ్యే ముందు, రాజశేఖర్ గారి నుంచి అందరు ఏరియా ఆఫీసర్లకూ ఒక ఆదేశం వచ్చింది. పీకిన కల్తీ మొక్కలను ఇకమీద గట్ల మీద కుప్ప వేయకూడదు. ఏ రోజువి ఆ రోజే గుంత తీసి పాతిపెట్టాలి. కారణం, కుప్పల నుంచి పిండినల్లి పంటకు పాకుతుందని. పిండినల్లి పాకే మాట అబద్ధం కాదు, పుస్తకాల్లోనూ ఉంది. కానీ ఆ పురుగు నిన్నమొన్న పుట్టింది కాదు, కుప్పలూ నిన్నమొన్నటివి కావు. ఎన్నో ఏళ్లు లేని జాగ్రత్త, బోనసుకు స్వచ్ఛత షరతు పెట్టిన ఏడాదే ఎందుకు వచ్చింది? ఇది కూడా నా అనుమానమే. ఆ ఏడాది మా ప్రాంతంలో నమోదైన కల్తీ బాగా తగ్గింది. కల్తీ తగ్గిందో, కుప్ప తగ్గిందో చెప్పగలిగేవాళ్లు లేరు, ఎందుకంటే చూడటానికి గట్ల మీద ఏమీ లేదు. ఎండీకి బోనసు వచ్చింది. ఫండుకు మంచి నివేదిక వచ్చింది. విఠల్ సారు పొదుపు పెరిగింది.

ఆదేశం చెప్పడానికి నేను మద్దిలేటి పొలానికి కూడా పోయాను. ఆ ఏడు అతనికి మూల విత్తనం దొరికింది, అదే భూమి కౌలుకు దొరికింది. సుంకులమ్మ చివరిదాకా విని, తల అడ్డంగా ఊపింది.

“పాతిపెట్ట సారు. రేపు మల్ల కల్తీ అని ఎవడన్నొస్తే ఏం జూపియ్యాలె? మన్ను తవ్వి జూపియ్యాల్నా?”

ఆమె కుప్ప గట్టు మీదనే ఉంది. పిడికెడు. నేను ఆదేశం చెప్పినట్టు రాసుకున్నాను, కుప్ప చూసినట్టు కూడా రాసుకున్నాను. ఆ కాలం ముగియగానే నన్ను తిరిగి నాగర్‌కర్నూల్‌కు, మొక్కజొన్నకు మార్చారు. ఉత్తర్వులో పరిపాలనా కారణాలు అని ఉంది. అక్కడే ఏరియా ఆఫీసరుగానే రిటైరయ్యాను.

రిటైరయ్యాక వచ్చిన సొమ్ములో కొంత నేనూ ఒక ఫండులో వేశాను. వేసే ముందు అది ఏయే కంపెనీల్లో పెడుతుందో చదివాను. మా కంపెనీ పేరు అందులో ఉంది. వేయడం మానలేదు, చదవడమూ మానలేదు. ఏటా ఆ కంపెనీ నివేదికలో ఎండీ జీతం షరతుల పేజీ మొదట తీస్తాను.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. పైనుంచి వచ్చిన ఉత్తర్వు పొలంలో కనబడేదానితో కలవకపోతే, ఆ ఉత్తర్వు ఇచ్చినవాడి జీతం ఏ కొలతకు కట్టేసి ఉందో ముందు తెలుసుకోవాలి. కొలత మారిస్తే పని బాగుపడుతుందని అనుకోకూడదు, కొలిచే చోటు మారిపోవచ్చు. ఆ కొలత పెట్టించినవాళ్లలో మన సొమ్ము కూడా ఉండవచ్చు. పాతిపెట్టమని ఎవరు చెప్పినా, గట్టు మీద కుప్ప ఉందో లేదో స్వయంగా నడిచి చూసిన తరువాతే సంతకం చేయాలి.